గుండుసూదుల దిండు

“ముక్కుతో పీల్చండి, నోటితో వదలండి. చొంగ వస్తే మింగకండి, కారనీండి. తుడవడానికి నేనున్నాగా.”

గొట్టాలక్క ఎడమ అరచేయి ఆ పెద్దమనిషి చెంప కింద ఉంది. కుడిచేయి ఆయన భుజం మీద ఉంది. పళ్ళ మధ్య బిగించిన ప్లాస్టిక్ వలయంలోంచి నల్లటి గొట్టం మెల్లగా లోపలికి జారుతోంది. గొట్టం కొసనున్న కెమెరా చూస్తున్నదంతా ఎదురుగోడ మీది తెరలో ఎర్రెర్రగా కదులుతోంది. ఆ పెద్దమనిషి బయట ఎంతమందిని గడగడలాడిస్తాడో గాని, ఇక్కడ మాత్రం పక్కకు తిరిగి పడుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుస్తూ, ఆమె పైకోటు అంచును గుప్పెట్లో బిగించి పట్టుకున్నాడు. గొట్టం దిగినవాడెవడైనా అంతే. హోదాలూ దర్జాలూ తలుపు బయట చెప్పులతోపాటు విడిచి రావలసిందే.

“అయిపోవచ్చింది. వెనక్కి వస్తున్నాం” అంది ఆమె. నిజానికి అప్పటికి సగం కూడా కాలేదు. ఆ మాత్రం అబద్ధం ఆమె రోజూ ఆడుతుంది. ఆ అబద్ధానికి ఆమెను ఇంతవరకూ ఎవరూ తప్పుపట్టలేదు.

గొట్టాలక్క అనేది క్యాంటీనువాడు పెట్టిన పేరు. పెట్టినప్పుడు కోపం వచ్చింది గాని, తర్వాత అదే స్థిరపడిపోయింది. కడుపులోకి గొట్టం దించి చూసే ఈ గదిలో ఆమె పని రెండు రకాలు. గొట్టం లోపలున్నంతసేపూ రోగి తల పట్టుకోవాలి. బయటికి వచ్చాక ఆ గొట్టాన్ని కడగాలి. సన్నటి పొడవాటి బ్రష్షును ఒక కొస నుంచి దూర్చి రెండో కొస నుంచి లాగుతూ, నురగలో ముంచుతూ, నీళ్ళు చిమ్ముతూ, మందు ద్రావకంలో నానబెట్టి, మళ్ళీ కడిగి, ఆరబెట్టి, అలమారలో నిలువుగా వేలాడదీయాలి. పొట్టి మనిషి, గట్టి మణికట్లు. ఏళ్ళ తరబడి మందునీళ్ళలో నానడంవల్ల వేళ్ళ కొసలు ఎప్పుడూ పాలిపోయి ముడతలు పడి ఉంటాయి. ఇంటికి వెళ్ళి ఎంత సబ్బు రుద్దుకున్నా ఆ ద్రావకం వాసన పోదు. ఆమె కూతురు చిన్నప్పుడు ఆ వాసన వస్తేనే గాని నిద్రపోయేది కాదని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

నవ్వుతారు అనడం ఇప్పుడు తప్పు. ఈ మధ్య ఆ ఇంట్లో ఎవరూ నవ్వడం లేదు. ఆమె వదిన ఇదే ఆసుపత్రిలో పై అంతస్తు వార్డులో పడుకుని ఉంది.

పెద్దమనిషిని లేపి కూర్చోబెట్టి, మూతి తుడిచి పంపించాక పెద్ద డాక్టరు చేతితొడుగులు మార్చుకుంటూ, “తర్వాత ఒలుపు కదమ్మా. అన్నీ సర్దావా?” అన్నాడు.

“సర్దానండీ.”

ఒలుపు అనేది ఆ గదిలో వాళ్ళు వాడుకునే మాట. కడుపు లోపలి పొరమీద పుట్టిన క్యాన్సరు ఇంకా లోతుకు దిగకముందే దొరికితే, పొట్ట కోయనక్కర్లేదు. నోట్లోంచి దించిన గొట్టంతోనే, దాని కొసలోంచి బయటికి వచ్చే సన్నటి కత్తితో, ఆ మచ్చ చుట్టూ గీసి, పొరను అడుగు నుంచి ఒలిచి తీసేస్తారు. మనిషి కొన్నాళ్ళలో లేచి ఇంటికి పోతాడు. అందుకే ఒలుపు ఉన్న రోజున ఆ గదిలో అందరికీ ఉత్సాహంగా ఉండేది. గొట్టాలక్కకు మరీను. ఇదివరకు ఒలుపు ఉందంటే ఆమె కాస్త ముందే వచ్చి, బల్లను రెండుసార్లు తుడిచేది. ఇప్పుడు ఒక్కసారి తుడిచి పక్కకు వచ్చేస్తోంది.

బల్ల మీద కార్కు చెక్క పెట్టింది. దాని పక్కన, తీసిన ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ సీసా. ఆ పక్కన గుండుసూదుల దిండు. ఒలిచిన ముక్క దానంతటదే ముడుచుకుపోతుంది. ముడుచుకుపోతే ల్యాబ్‌లో దాని అంచులు సరిగ్గా చూడలేరు. అందుకని వెంటనే కార్కు చెక్క మీద పరిచి, చుట్టూ గుండుసూదులు గుచ్చి బిగించాలి. మొదట్లో ఆ సూదులు అట్టపెట్టెలో ఉండేవి, చెమ్మకు తుప్పు పట్టేవి. డాక్టరు విసుక్కున్నాడని ఒకరోజు ఆమె ఇంట్లో అంటే, మర్నాటికల్లా వదిన ఈ దిండు కుట్టి చేతిలో పెట్టింది. ఎవరిదో కిటికీ తెర కుట్టగా మిగిలిన ఆకుపచ్చ గుడ్డ, గుండ్రటి కుట్టు, గుప్పెట్లో పట్టేంత దిండు. లోపల దూది కూరలేదు. దువ్వినప్పుడు రాలిన తన జుట్టునంతా చుట్టలు చుట్టి దాచిపెట్టుకునే అలవాటు వదినకు ఉండేది. అదే కూరింది.

“జుట్టులో నూనె జిడ్డు ఉంటుంది పిల్లా, సూదికి తుప్పు రానివ్వదు. ఈ సంగతి మీ డాక్టరుకు చెప్పకు, దిండు బయట పారేస్తాడు” అంది అప్పుడు.

చెప్పలేదు. డాక్టరుకు ఆమె చెప్పని సంగతుల్లో అది చిన్నది.

ఒలుపుకు వచ్చినాయన స్కూలు బస్సు డ్రైవరు. లావుపాటి మెడ, బస్సు చక్రం తిప్పి తిప్పి కాయలు కాసిన చేతులు. మంచం మీద కూర్చుని కాళ్ళూపుతూ, భయం కప్పిపుచ్చుకోవడానికి ఆగకుండా మాట్లాడుతున్నాడు.

“ఏంటక్కా ఈ విచిత్రం. నాకు నొప్పి లేదు, వాంతి లేదు. నాలుగు త్రేన్పులు వచ్చాయి అంతే. త్రేన్పులకు కూడా ఎవరైనా ఆసుపత్రికి వస్తారా? మా ఆవిడ పోరు పడలేక వచ్చాను. వస్తే ఇదిగో, లోపల మచ్చ ఉందన్నారు.”

“పోరు పెట్టేవాళ్ళు ఉండాలి అన్నా” అంది గొట్టాలక్క, అతని చేతికి బీపీ పట్టీ చుడుతూ.

భార్య తలుపు దగ్గర నిలబడి ఉంది, భర్త చెప్పులు చేతిలో పట్టుకుని. సన్నగా, అలిసిపోయినట్టుగా ఉంది. “మందులషాపులో మాత్ర కొనుక్కుని వేసుకుంటానన్నాడక్కా. నేనే పడనివ్వలేదు. ఊరికే మాత్రలు మింగితే లోపల ఏముందో ఎలా తెలుస్తుంది? నాకేం చదువు లేదు గాని ఆ మాత్రం తెలీదా?” అంది.

గొట్టాలక్క పట్టీని కాస్త గట్టిగానే బిగించింది. డ్రైవరు ‘అబ్బా’ అన్నాడు.

మాత్రల సంగతి ఇదీ. మందుల కంపెనీలవాళ్ళు పెద్ద డాక్టరును కలవడానికి వచ్చినప్పుడల్లా ఆయన టేబుల్ మీద నమూనా మాత్రల పట్టీలు పెట్టిపోయేవారు. అన్నీ కడుపులో మంటకూ పుల్లత్రేన్పులకూ వాడేవే. వాటితో డాక్టరుకు పని లేదు. సిస్టరు కొన్ని, లిఫ్టు నడిపే ఆయన కొన్ని, గొట్టాలక్క కొన్ని సంచుల్లో వేసుకుపోయేవారు. అక్కడ పనిచేసే ప్రతివాళ్ళ ఇంట్లోనూ వాటికోసం ఒక బిస్కట్ల డబ్బా ఉండేది. పక్కింటివాళ్ళు పొట్ట పట్టుకుంటే చాలు, డబ్బా మూత తీయడమే. మంట ఇట్టే చల్లారేది. ఆ చల్లారడంలో ఏ ప్రమాదం ఉందో ఆ గదిలో తెలియనివాళ్ళు లేరు. పరీక్షకు ముందు ఈ మాత్రలు వేసుకోవద్దు, పుండు పైకి మానినట్టు కనిపిస్తుంది, జబ్బు అడుగున దాక్కుంటుంది అని డాక్టరు ప్రతి రోగికీ చిలక్కి చెప్పినట్టు చెప్పేవాడు. గొట్టాలక్క ఆ మాట రోజూ వినేది. విన్నది రోగుల సంగతి అనుకుంది. సాయంత్రం సంచి సర్దుకునేటప్పుడు ఆ మాట ఆమెతోపాటు ఇంటికి రాలేదు.

వదిన అంటే భర్తకు అక్క. మొగుడు పోయాక ఒక కుట్టుమిషనూ ఒక పెట్టే పట్టుకుని నాలుగు రోజులుందామని తమ్ముడింటికి వచ్చింది. వచ్చినావిడ ఉండిపోయింది. గొట్టాలక్క అప్పుడు బాలింత. పిల్లను వదినే పెంచింది. వంటా వదినదే, వీధిలోవాళ్ళ ప్యాంట్ల అంచులు మడిచి కుట్టి ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చిందీ వదినే. కూతురు మొదటిసారి ‘అమ్మా’ అన్నది కూడా వదిననే చూసి. గొట్టాలక్క దానికి ఏడిస్తే, “దానికి కళ్ళు సరిగ్గా ఆనడం లేదులే, ఇంకా పసిది” అని నవ్వించింది. అలాంటి మనిషికి తిరిగి ఇవ్వడానికి గొట్టాలక్క దగ్గర ఏముంటుంది? ఏమీ ఉండేది కాదు.

అందుకే వదిన మిషను తొక్కుతూ తొక్కుతూ ఆగి, పొట్టను మిషను అంచుకు ఆనించి నొక్కుకోవడం చూసినప్పుడు, ఆమె పరుగెత్తుకెళ్ళి డబ్బా తెచ్చింది. మర్నాటికి మంట పోయింది. వదిన వీధివీధంతా చెప్పుకుంది: “మా మరదలు సగం డాక్టరు.” ఆ మాటకు గొట్టాలక్క ఎంత పొంగిపోయిందో ఆమెకే తెలుసు. మంట మళ్ళీ వచ్చింది, మళ్ళీ డబ్బా మూత తీసింది. ఒకసారి గొట్టం వేయించి చూద్దామా అని అనిపించకపోలేదు. స్కూలు యూనిఫారాలు కుట్టే రోజులు, అవి అయ్యాక చూద్దాంలే అంది వదిన. సరే అని ఊరుకుంది. అలా ఊరుకోవడంలో ఆమెకూ సుఖం ఉంది. రోజూ గొట్టం మింగలేక గుడ్లు తేలేసేవాళ్ళను చూస్తుంది కదా, వదినను అక్కడ ఊహించుకోలేకపోయింది. అదొక్కటే కాదు. ఆ ఒక్క మాత్రతోనే వదిన ముందు తను పెద్దదయ్యేది. ఆ పెద్దరికం వదులుకోవాలనిపించలేదు. ఈ రెండో కారణం ఆమెకు ఈ మధ్యనే తెలిసింది. తెలిశాక నిద్ర లేదు.

మాత్రలకు మంట చల్లారడం ఆగిపోయింది. తిండి సయించలేదు. వదిన తన బట్టలను తనే మళ్ళీ మళ్ళీ బిగించి కుట్టుకుంది. అప్పుడు తీసుకొచ్చింది గొట్టాలక్క, చెయ్యిపట్టుకుని, ఈ గదికే. వదిన చెంప కింద తన అరచేయి పెట్టి, “మింగకు వదినా, కారనీ” అంది. తెర మీద చూసింది. పెద్ద డాక్టరు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోతే దాని అర్థం ఏమిటో ఆమెకు తెలుసు. చివరికి, “ఈవిడ యాసిడ్ మాత్రలేమైనా వాడుతూ వచ్చిందా అమ్మా?” అన్నాడు.

“లేదండీ” అంది గొట్టాలక్క.

ఆ మాట ఆలోచించి అన్నది కాదు. నోట్లోంచి ఊడిపడింది. నోట్లో వలయం ఉన్న వదిన మాట్లాడలేదు. కళ్ళు మాత్రం పైకెత్తి ఆమె మొహంలోకి చూసింది, తర్వాత మూసుకుంది. ఆ చెంప బరువు గొట్టాలక్క అరచేతిలో ఇప్పటికీ ఉంది.

తర్వాత ఏ మందులూ పెద్దగా పట్టలేదు. జుట్టంతా రాలిపోయింది, పొట్టలో నీరు చేరింది. మాత్రల సంగతి మాత్రం వదిన ఒక్కసారి కూడా ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పైగా వార్డులో నర్సులకూ పక్క మంచాలవాళ్ళకూ, “మా మరదలు కిందే పనిచేస్తుంది, పేగులూ కడుపులూ అన్నీ దానికి తెలుసు” అని గొప్పలు చెప్పుకుంటోంది. ఆ పొగడ్త విన్నప్పుడల్లా గొట్టాలక్కకు తల కొట్టేసినట్లవుతోంది.

డ్రైవరు మత్తులోకి జారాడు. నవ్వుతూ ఏదో అనబోయి మధ్యలోనే గురక పెట్టాడు. గొట్టం దిగింది. తెర మీద మచ్చ కనిపించింది, కడుపు గోడమీద కాస్త వెలిసినట్టుగా, కాస్త గరుకుగా. ఇంత కొంచెమే. పెద్ద డాక్టరు దాని చుట్టూ చుక్కలు పెట్టాడు. అడుగున మందునీళ్ళు ఎక్కించగానే ఆ చోటంతా పొంగి లేచింది. చుక్కల వెంట కత్తి కదిలింది. చిన్నగా నెత్తురు చిమ్మితే అక్కడికక్కడే మాడ్చి ఆపాడు. సిస్టరు పరికరాలు అందిస్తోంది. గొట్టాలక్క నిద్రపోతున్న డ్రైవరు తల పట్టుకుని, నోటి మూల నుంచి కారే చొంగను తుడుస్తోంది. బయట బెంచీ మీద చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆ భార్యే ఆమె కళ్ళ ముందు మెదులుతోంది. ఆవిడ చేసిన పని ఏమిటి? పోరు పెట్టింది. మాత్ర పడనివ్వలేదు. అంతే కదా చేయాల్సింది.

ముక్క బయటికి వచ్చింది. కోటు గుండీకంటే కాస్త పెద్దది. సూదులు గుచ్చే పనిని పెద్ద డాక్టరు ఎప్పుడో ఆమెకు నేర్పించాడు, ఆయన పక్కన నిలబడి చూస్తుంటాడు. ఆమె ముక్కను కార్కు చెక్క మీద పరిచి, ముడతలు సాగదీసి, దిండులోంచి ఒక్కొక్క సూదే తీసి అంచు వెంట గుచ్చసాగింది. సూది లాగినప్పుడల్లా దిండు లోపల సన్నగా గీసుకున్నట్టు వేళ్ళకు తెలుస్తుంది. వదిన కూడా ఇలాగే, పళ్ళ మధ్య సూదులు పట్టుకుని, గుడ్డ అంచు మడుస్తూ గుచ్చేది.

“బాగా వచ్చింది” అన్నాడు డాక్టరు. “ల్యాబ్‌వాళ్ళు అంచులు బాగున్నాయంటే ఇక ఇతనికి భయం లేదు. అదృష్టవంతుడు. ముందే మాత్రలు మింగి ఉంటే ఈ మచ్చ నా కంటికి ఆనేదే కాదు.” గొంతు తగ్గించి అన్నాడు. “మీ వదినగారి కేసే నాకు అంతుపట్టదమ్మా. అంత పెరిగేదాకా నొప్పి తెలియకపోవడం ఏమిటి? మొన్న వార్డుకు వెళ్ళినప్పుడు ఆవిడనే అడిగాను, ఎప్పుడైనా మాత్రలు వాడారా అని. ‘ఒక్కటి కూడా వేసుకోలేదు డాక్టరుగారూ, మా మరదలు వేసుకోనివ్వదు’ అంది.”

గొట్టాలక్క చేతిలో సూది వంకర పోయింది. దాన్ని తీసి పక్కన పడేసి ఇంకోటి అందుకుంది. చెక్కను సీసాలో దించేదాకా తల ఎత్తలేదు.

డ్రైవరు భార్యకు సంగతి చెప్పగానే ఆవిడ డాక్టరుకు దండం పెట్టి, ఆయన వెళ్ళిపోయాక గొట్టాలక్క రెండు చేతులూ పట్టుకుంది. “మీ చేతి చలవ అక్కా” అంది. గొట్టాలక్క చేతులు విడిపించుకుని, “నాది కాదమ్మా, నీది” అంది. ఆవిడ అదేదో మర్యాదకు అన్నమాట అనుకుంది.

మధ్యాహ్నం భోజనం డబ్బా విప్పకుండానే ఆమె పై అంతస్తుకు వెళ్ళింది. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కింది. చెప్పెయ్యాలి, ఇవాళ చెప్పెయ్యాలి అనుకుంటూ ఎక్కింది. ఈ మాట ఆమె చాలా రోజులుగా అనుకుంటూనే ఉంది. రోజూ వదిన మొహం తుడిచి, తలగడ సర్ది, గుటకలు మింగి కిందికి దిగిపోతోంది.

వదిన కిటికీ పక్క మంచంలో, వెనక్కి ఒరిగి ఉంది. తలకు తనే కుట్టుకున్న పూల టోపీ. దుప్పటి కింద పొట్ట ఎత్తుగా ఉంది, చేతులు మాత్రం పుల్లల్లా ఉన్నాయి.

“ఒలుపు అయిందా?” అంది వదిన. మాట గాలిలా ఉంది.

“అయింది. బస్సు డ్రైవరు.”

“ఎంత ముక్క?”

“కోటు గుండీ కంటే కాస్త పెద్దది.”

“అంతేనా.” వదిన కాసేపు ఊపిరి కూడదీసుకుంది. “సూదులకు తుప్పు పట్టలేదుగా?”

“లేదు.”

“పట్టదు. నా తల నిండా ఉండాల్సిందంతా అందులోనే ఉంది” అని టోపీ మీద చెయ్యి పెట్టుకుంది. అది నవ్వేనని గొట్టాలక్కకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. “వదినా, డాక్టరుగారితో మాత్రలు వేసుకోలేదన్నావట.”

“నువ్వూ అదే కదా చెప్పావు.”

“నేను అబద్ధం చెప్పాను.”

“విన్నాను. గొట్టం నా నోట్లో ఉంది గాని చెవుల్లో లేదుగా.”

“మరి నువ్వెందుకు...”

“ఒకే ఇంట్లోవాళ్ళం. నువ్వొకటీ నేనొకటీ చెబితే ఏం బాగుంటుంది?”

గొట్టాలక్క మంచం అంచు పట్టుకుంది. “నావల్లే వదినా. ఆ మాత్రలు పెట్టకుండా నిన్ను అప్పుడే ఈడ్చుకొచ్చి ఉంటే, నువ్వూ ఆ డ్రైవరులాగే లేచి ఇంటికి పోయేదానివి. రోజూ చూస్తూ కూడా...”

కాదులే, నీ తప్పేముంది, నా రాత అని వదిన అంటుందని ఆమె లోలోపల ఎదురుచూసింది. వదిన అలా అనలేదు.

“అవును” అంది. “నేనూ అనుకున్నాను. మొదట్లో నీ మీద బాగా కోపం వచ్చింది. తిట్టుకున్నాను కూడా.”

“నాకు తెలియనివ్వలేదే.”

“ఏం తెలియనిస్తాను? తిట్టుకుంటూ తిట్టుకుంటూ తెల్లారేది. తెల్లారితే మొహం తుడవడానికి నువ్వే వచ్చేదానివి.” వదిన కళ్ళు మూసుకుని తెరిచింది. “నేను మాత్రం? నోరు తెరిచి అడిగానా, ఎందుకిలా మళ్ళీ మళ్ళీ వస్తోందని? గొట్టం అంటే నాకూ భయమే. నువ్వు మాత్ర ఇస్తుంటే హాయిగా ఉండేది.”

గొట్టాలక్క ఏడుపును లోపలే నొక్కిపెట్టాలని గుటకలు వేస్తోంది. గొంతు పైకీ కిందికీ కదులుతోంది గాని ఏడుపు ఆగడం లేదు. వదిన దుప్పటిలోంచి చెయ్యి తీసింది. ఎముకల చెయ్యి, వేళ్ళ కొసల మీద ఏళ్ళనాటి సూదిపోట్ల నల్లచుక్కలు. ఆ చేతిని తీసుకెళ్ళి మరదలి చెంప కింద పెట్టింది.

“మింగకు” అంది. “కారనీ.”

ఆమె చాలాసేపు అలా ఏడ్చింది. పక్క మంచం ఆవిడ అటు తిరిగి పడుకుంది.

“ఇంట్లో ఆ డబ్బా ఇంకా ఉందా?” అంది వదిన కాసేపటికి.

“ఉంది.”

“పారెయ్. ఇంక వెళ్ళు. గొట్టం ఎండిపోతే కడగడం కష్టమంటావుగా.”

మధ్యాహ్నం మూడో పేషెంటు ఒక ముసలావిడ. బోసినోట్లో వలయం నిలవడం లేదు. గొట్టాలక్క దాన్ని వేళ్ళతో పట్టి ఉంచి, “ముక్కుతో పీల్చమ్మా, నోటితో వదులు” అంటోంది. తలుపు తెరుచుకుంది. బయటికి వెళ్ళిన సిస్టరు లోపలికి వచ్చి గోడ పక్కన నిలబడింది. ఏమీ అనలేదు. మామూలుగా ఆ సిస్టరు గదిలోకి అడుగుపెడితే నోరు మూతపడదు. గొట్టాలక్క ఆమె వైపు చూసింది, ఆమె తల దించుకుంది.

పెద్ద డాక్టరు కూడా చూశాడు. “నువ్వు వెళ్ళమ్మా, సిస్టరు పట్టుకుంటుంది” అన్నాడు.

ముసలావిడ గుప్పెట్లో ఆమె పైకోటు అంచు ఉంది. “అయిపోవచ్చిందిగా సార్” అంది గొట్టాలక్క. “అయిపోవచ్చిందమ్మా. వెనక్కి వస్తున్నాం.” ఈసారి అది నిజమే. గొట్టం బయటికి వచ్చింది. ఆమె ముసలావిడ మూతి తుడిచి, లేపి కూర్చోబెట్టి, చెప్పులు కాళ్ళ దగ్గర పెట్టి, చేతులు కడుక్కుని వెళ్ళింది.

వదిన మంచినీళ్ళు అడిగి, రెండు చెంచాలు తాగి, కిటికీ వైపు తిరిగి పడుకుందట. తర్వాత నర్సు వచ్చి చూస్తే ఊపిరి లేదు. అంతే. పూల టోపీ పక్కకు జారి ఉంది. గొట్టాలక్క దాన్ని సరిచేసింది. మధ్యాహ్నం వచ్చినప్పుడు ఇంకోసారి మొహం తుడిచి ఉంటే బాగుండేది అనిపించింది. గుడ్డ తడిపి తెచ్చి తుడిచింది. భర్తకు ఫోను చేసింది. అతను పనిలోంచి వచ్చేసరికి ఆమె మంచం పక్కనే స్టూలు మీద ఉంది. అక్కను చూసి అతను గోడకు ఆనుకుని కూలబడిపోయాడు. చిన్నప్పుడు అతనికి చొక్కాలు కుట్టిందీ ఆవిడే. ఆసుపత్రి ఆఫీసులో కాగితాల పని అయ్యేదాకా కాసేపు ఆగాలన్నారు.

“ఇప్పుడే వస్తాను” అని గొట్టాలక్క కిందికి దిగింది.

గొట్టాలగదిలో పెద్ద డాక్టరు ఒక్కడే టేబుల్ దగ్గర ఉన్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. “ఎందుకొచ్చావమ్మా? ఇక్కడ పని మేం చూసుకుంటాం.”

“సార్, మా వదిన మాత్రలు వేసుకుంది” అంది ఆమె, గుమ్మంలోనే నిలబడి. “నేనే పెట్టాను. మన గదిలోంచి తీసుకెళ్ళినవే. ఆ రోజు మీతో అబద్ధం చెప్పాను. నా మాట పోకూడదని ఆవిడ కూడా అబద్ధం చెప్పింది.”

ఒకే ఇంట్లోవాళ్ళు ఒకే మాట చెప్పాలన్న మనిషి ఇప్పుడు లేదు. ఆ మాట ఆమె ఒక్కతే మోయాలి. మోయలేకపోయింది.

డాక్టరు కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. “ఎన్నాళ్ళు పెట్టావు?”

“చాలా రోజులండీ.”

ఆయన అద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. “ఆ రోజు నువ్వు నిజం చెప్పినా అప్పటికి మనం చేయగలిగింది ఏమీ లేదమ్మా.”

“ఆ రోజు సంగతి కాదు సార్ నేను అడుగుతున్నది. అంతకుముందు.”

జవాబు ఆయనకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆయన చూపు టేబుల్ మూలకు వెళ్ళింది. ఉదయం ఎవరో పెట్టిపోయిన నమూనా పట్టీలు అక్కడ ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. వాటిని అంతవరకూ చూడనట్టే చూశాడు. అన్నిటినీ రెండు చేతులా తీసి చెత్తబుట్టలో వేశాడు. వేసి, అక్కడే నిలబడ్డాడు. ఆయన కూడా ఏదో లెక్క చూసుకుంటున్నాడని గొట్టాలక్కకు అర్థమైంది, కాని ఆయన్ని ఓదార్చే ఓపిక ఆమెకు లేదు.

తొట్టి దగ్గర మధ్యాహ్నపు గొట్టం నానుతోంది. ముసలావిడది. ఎవరో నీళ్ళలో వేశారు గాని బ్రష్షు దూర్చలేదు. ఆమె చేతితొడుగులు వేసుకుని బ్రష్షు అందుకుంది. డాక్టరు వారించబోయి ఊరుకున్నాడు. కడిగి, నానబెట్టి, మళ్ళీ కడిగి, ఆరబెట్టి తీసుకెళ్ళి అలమారలో వేలాడదీసింది. పైన భర్త ఎదురుచూస్తూ ఉంటాడు. కూతురు బయల్దేరి ఉంటుంది. ఇంటికి వెళితే డబ్బా ఉంటుంది, మిషను మీద సగం మడిచిన ఎవరిదో ప్యాంటు ఉంటుంది.

అలమార తలుపు మూయబోతూ ఆగింది. కింది అరలో, ఫార్మలిన్ సీసా ల్యాబ్‌కు వెళ్ళిపోయాక ఖాళీ అయిన చోట, ఆకుపచ్చ దిండు ఉంది. పొద్దున డ్రైవరు కోసం లాగిన సూదులు పోగా మిగిలినవి అందులో నిగనిగలాడుతూ గుచ్చి ఉన్నాయి. సూదులు లాగీ లాగీ గుడ్డ ఒకచోట పలచబడింది. అక్కడినుంచి ఒక పొడవాటి నల్లటి వెంట్రుక బయటికి వచ్చి ఉంది.